పాత ఆటోమేటిక్ గేర్‌బాక్సు మరమ్మతు: విప్పే ముందు చూడవలసినవి, విప్పాక తప్పనివి

ఆటోమేటిక్ గేర్‌బాక్సు మొరాయించిందనగానే "దింపి విప్పాల్సిందే" అన్న తీర్పు వెంటనే వచ్చేస్తుంది. కొన్నిసార్లు అది సరైన తీర్పే. అయితే 1960ల నుంచి 1990ల చివరి వరకు తయారైన మూడు, నాలుగు గేర్ల హైడ్రాలిక్ ఆటోమేటిక్‌లలో గేరు ఆలస్యంగా పడడం, జారడం, కుదుపుతో మారడం వంటి లోపాలకు మూలం బాక్సు బయటనే దొరికే సందర్భాలు చాలా ఉంటాయి. తగ్గిన ఆయిల్, సాగిన కేబుల్, పగిలిన వాక్యూమ్ హోస్, తుప్పు పట్టిన కనెక్టర్, వీటిని వరుసగా చూసి, కారణం వాటిలో లేదని తేలిన తరువాతే బాక్సును దింపాలి. దింపిన తరువాత కూడా, లోపల మాడి కనిపించే క్లచ్ ప్లేట్లను అసలు జబ్బుగా భావించకూడదు. అవి ఎందుకు కాలాయో తేల్చకుండా కొత్తవి వేస్తే, ఆ కొత్తవీ కొద్ది నెలల్లో అదే గతి పడతాయి.

ప్లేట్లు కాలడానికి ప్రధాన కారణం ఆయిల్ పీడనం చాలకపోవడం. ఇంజిన్‌తో పాటు తిరిగే పంపు ఆయిల్‌ను వాల్వ్ బాడీకి నెడుతుంది. వాల్వ్ బాడీలోని సన్నని స్పూల్ వాల్వులు బండి వేగాన్నీ, యాక్సిలరేటర్ తొక్కిన మేరనూ బట్టి ఆ ఆయిల్‌ను ఒక క్లచ్ నుంచి మరో క్లచ్‌కు మళ్లిస్తాయి. ఆయిల్ తోపుడుకు పిస్టన్ కదిలి ప్లేట్లను బిగపడుతుంది, లేదా బ్యాండు బిగిసి ఒక డ్రమ్మును తిరగకుండా ఆపుతుంది. ఆయిల్ తగ్గినా, పంపు గాలి పీల్చినా, సీలు గట్టిపడి లీకైనా, పీడనాన్ని నిర్ణయించే కేబుల్ తప్పుడు సంకేతం ఇచ్చినా చివరికి జరిగేది ఒకటే. ప్లేట్లు పూర్తిగా బిగుసుకోక ఒకదానిపై ఒకటి రాసుకొని వేడెక్కి మాడిపోతాయి.

ముందుగా ఆయిల్

ఆయిల్ మట్టం చూసే పద్ధతి అన్ని బండ్లకూ ఒకటి కాదు. ఎక్కువ బండ్లలో పదిహేను ఇరవై నిమిషాలు నడిపి, సమతలంగా ఉన్న నేలపై నిలిపి, బ్రేకు తొక్కిపట్టి లీవర్‌ను అన్ని స్థానాలలోనూ ఒక్కో క్షణం ఉంచి, తిరిగి పార్క్‌లో పెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతుండగానే డిప్‌స్టిక్ తీయాలి. క్రైస్లర్ పాత టార్క్‌ఫ్లైట్ గేర్‌బాక్సులలో పార్క్‌లో ఉన్నంతసేపూ టార్క్ కన్వర్టర్‌కు (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా బాక్సుకు అందించే భాగం) ఆయిల్ అందదు కనుక వాటిని న్యూట్రల్‌లో ఉంచి చూడాలి. హోండా ఆటోమేటిక్‌లలో ఇంజిన్‌ను వేడెక్కించి, ఆపిన తరువాత ఒకటి ఒకటిన్నర నిమిషంలోపు చూడాలి. ఈ తేడాలు తెలియక పార్క్‌కూ న్యూట్రల్‌కూ మధ్య పొరపడి ఎక్కువ పోసేవారు చాలామంది. ఎక్కువైన ఆయిల్‌ను తిరిగే గేర్లు చిలికి నురుగు చేస్తాయి, నురుగులోని గాలి పీడనానికి నలిగిపోతుంది, దానితో క్లచ్‌లు జారడం మొదలవుతుంది. అంటే ఆయిల్ తక్కువైనప్పుడు కనిపించే లక్షణమే ఎక్కువైనప్పుడూ కనిపిస్తుంది.

డిప్‌స్టిక్ కొనను తెల్లని కాగితంపై అద్ది పగటి వెలుగులో చూడాలి. ఎరుపు కొద్దిగా గోధుమరంగులోకి తిరిగినా, మరక అంచుల దాకా స్వచ్ఛంగా పాకితే ఫర్వాలేదు. మధ్యలో నల్లని చుక్క నిలిచి, చుట్టూ మాత్రమే నూనె పాకితే ప్లేట్ల పూత అరిగి ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. మాడు వాసన ముక్కుకు ఘాటుగా తగిలితే ఆయిల్ అప్పటికే అతిగా వేడెక్కింది. సాధారణంగా పాన్‌లోని (బాక్సు అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేస్తుంది. ఆ పైన ప్రతి పది డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది మెకానిక్‌లు పాటించే లెక్క. బరువు లాగే బండ్లకూ, ఎత్తులు ఎక్కే బండ్లకూ విడిగా ఒక ఆయిల్ కూలర్ బిగించమని చెప్పేది అందుకే.

స్ట్రాబెర్రీ పాల రంగులో చిక్కగా కనిపిస్తే మాత్రం బండిని ఇంకొక్క అడుగు కూడా నడపవద్దు. రేడియేటర్ లోపలి కూలర్ గొట్టం చిల్లుపడి కూలెంట్ గేర్‌బాక్సులోకి వస్తోంది. కూలెంట్‌లోని గ్లైకాల్ ప్లేట్ల పూతను అంటించిన జిగురును కరిగిస్తుంది కనుక, ఎక్కువ రోజులు నడిచి ఉంటే రేడియేటర్ మార్చి ఆయిల్ కడిగినంత మాత్రాన సరిపోదు, బాక్సును విప్పక తప్పదు. మొదటి రోజే గమనించి, రేడియేటర్ మార్చి, కన్వర్టర్‌తో సహా ఆయిల్ మొత్తాన్ని రెండు మూడు సార్లు మార్చితే కొన్ని బతుకుతాయి.

ఆయిల్ రకం విషయంలో రాజీ పనికిరాదు. ఫోర్డ్ పాత సీ4, సీ6 బాక్సులకు నిర్దేశించిన టైప్ ఎఫ్ ఆయిల్‌లో ఘర్షణను మృదువుగా చేసే రసాయనాలు ఉండవు, అందువల్ల ప్లేట్లు గట్టిగా పట్టుకుంటాయి. జనరల్ మోటార్స్ 1967లో తెచ్చిన డెక్స్రాన్‌లో ఆ రసాయనాలు ఉంటాయి, గేరు మృదువుగా మారుతుంది. ఒకదాని స్థానంలో మరొకటి పోస్తే గేరు కుదుపుతో మారుతుంది, లేదా జారుతూ మారుతుంది. 1970ల ఆరంభం వరకు ఆ మృదుత్వానికి వాడింది తిమింగలం నూనె అంటే ఈనాడు నమ్మబుద్ధి కాదు. అమెరికాలో దానిపై నిషేధం వచ్చాక ఆయిల్ సూత్రం మారింది. డెక్స్రాన్-3 లైసెన్సులు 2006తో ముగిశాయి, దాని స్థానంలో డెక్స్రాన్-6ను పాత బాక్సులలోనూ వాడవచ్చని జనరల్ మోటార్స్ చెబుతుంది. క్రైస్లర్ బాక్సులకు ఏటీఎఫ్ ప్లస్ 4, హోండాకు హోండా ఆయిల్ పోయాలి. "అన్ని బండ్లకూ పనికొస్తుంది" అని డబ్బాపై రాసి ఉన్నది పోసి ఆ తరువాత వణుకు ఎక్కడి నుంచి వచ్చిందని వెతకడం కంటే, యజమాని పుస్తకంలో ఉన్నది తెచ్చుకోవడమే మేలు.

గేర్‌బాక్సు ఆయిల్‌ను ఇంజిన్‌లాగా కాల్చదు. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోంది (వాక్యూమ్ మాడ్యులేటర్ ఉన్న బాక్సులలో మాత్రం, కింద చెప్పినట్టు, ఇంజిన్ పీల్చే అవకాశమూ ఉంది). పాన్ ప్యాకింగ్, లీవర్ షాఫ్టు సీలు, వెనుక అవుట్‌పుట్ సీలు, కూలర్ పైపుల కీళ్లు, కన్వర్టర్ దగ్గరి ముందు పంపు సీలు, ఇవే సాధారణంగా కారే చోట్లు. కింద శుభ్రంగా కడిగి, కొన్ని కిలోమీటర్లు నడిపి, పై నుంచి కిందికి చూసుకుంటూ రావాలి, ఎందుకంటే కారిన ఆయిల్ గాలికి వెనక్కు పాకి, తప్పు చోటును చూపిస్తుంది.

ఏ గేర్లు పోయాయో రాసుకోండి

విప్పని బాక్సు లోపల ఏం జరిగిందో తెలుసుకునే అత్యుత్తమ ఆధారం ఏ గేర్లు పనిచేస్తున్నాయి, ఏవి పనిచేయడం లేదు అన్న పట్టిక. ప్రతి మోడల్‌కూ ఏ గేరుకు ఏ క్లచ్, ఏ బ్యాండు పనిచేస్తాయో చూపే పట్టిక వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. దానిని ముందు పెట్టుకుని బండిని నడిపి చూడాలి.

జనరల్ మోటార్స్ 1982లో తెచ్చిన 700ఆర్4, దాని నుంచి 1993లో వచ్చిన ఎలక్ట్రానిక్ 4ఎల్60ఈ ఇందుకు మంచి ఉదాహరణలు. ఒకటి, రెండు గేర్లు బాగానే ఉండి, మూడో గేరుకు మారబోయే క్షణంలో ఇంజిన్ ఉత్తినే రేసు అందుకుంటే, రివర్స్ కూడా బాగానే ఉంటే, కాలింది మూడు, నాలుగు గేర్లను పట్టే 3-4 క్లచ్. రెండో గేరు, నాలుగో గేరు రెండూ లేకపోతే 2-4 బ్యాండును అనుమానించాలి. అయితే ఆ రెండింటితో పాటు రివర్స్ కూడా పోయి, ఒకటి, మూడు మాత్రం మిగిలితే బ్యాండు మార్చి ప్రయోజనం లేదు. మధ్యలో ఉండే సన్ గేరును డ్రమ్ముతో కలిపే సన్ షెల్ అనే గిన్నె ఆకారపు భాగం విరిగింది. రెండు, నాలుగు గేర్లలో బ్యాండు ఆపేదీ, రివర్స్‌లో క్లచ్ తిప్పేదీ ఆ షెల్ ద్వారానే కనుక అది విరిగితే మూడూ ఒకేసారి పోతాయి. బాక్సును తాకకుండా, రివర్స్ ఉందా లేదా అన్న ఒక్క పరిశీలనతో ఇంత తేడా తెలుస్తుంది.

అన్ని గేర్లూ ఒకేలా జారుతుంటే ఏదో ఒక క్లచ్‌ను తప్పుబట్టకూడదు. ఆయిల్ మట్టం, ఫిల్టర్, పంపు, పీడనాన్ని నియంత్రించే వాల్వు, వీటివైపు చూడాలి. పొద్దున్న మొదటిసారి డ్రైవ్‌లో పెట్టినప్పుడు మూడు నాలుగు సెకన్ల తరువాత గానీ గేరు పడక, వేడెక్కాక మామూలుగా ఉంటే, రాత్రంతా కన్వర్టర్‌లోని ఆయిల్ పాన్‌లోకి దిగిపోతుండవచ్చు, లేదా పిస్టన్ సీళ్ల రబ్బరు గట్టిపడి ఉండవచ్చు. వేడెక్కిన బాక్సులో న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కు 1.2 సెకన్లలోపు, రివర్స్‌కు 1.5 సెకన్లలోపు గేరు పడాలని టయోటా మాన్యువల్‌లు చెబుతాయి. మరే కొలతా చేతిలో లేనప్పుడు ఇతర బండ్లకూ దీన్ని సుమారుగా వాడుకోవచ్చు.

గేర్‌బాక్సు మీద పడే నిందల్లో కొన్ని దానివి కావు. డ్రైవ్‌లో పెట్టగానే "ఠక్" మనే శబ్దం విరిగిన ఇంజిన్ మౌంటింగ్ నుంచో, అరిగిన ప్రొపెల్లర్ షాఫ్టు కీలు నుంచో, ఎక్కువగా పెట్టిన ఐడిల్ నుంచో రావచ్చు. ఇంజిన్‌కూ కన్వర్టర్‌కూ మధ్య ఉండే ఫ్లెక్స్ ప్లేటు చిట్లితే వచ్చే టకటక చప్పుడును ఇంజిన్ కనెక్టింగ్ రాడ్ చప్పుడుగా పొరబడి ఇంజిన్‌నే విప్పించినవారు ఉన్నారు.

కేబుల్, వాక్యూమ్

పాత హైడ్రాలిక్ బాక్సులలో ఎక్కువ నష్టం చేసేది చాలా చిన్న భాగం, థ్రాటిల్ నుంచి వచ్చే కేబుల్. ఇక్కడ ఒక ముఖ్యమైన తేడాను గుర్తించాలి. జనరల్ మోటార్స్ టీహెచ్350 వంటి వాటిలో ఆ కేబుల్ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కింది గేరుకు దించడానికి మాత్రమే. అది తెగినా బాక్సుకు ప్రమాదం లేదు. 700ఆర్4, 200-4ఆర్‌లలో చూడడానికి అలాంటిదే అయిన టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ గేరు మారే సమయాన్నే కాక లోపలి పీడనాన్ని కూడా నిర్ణయిస్తుంది. అది వదులుగా ఉంటే, ఇంజిన్ పూర్తి బలంతో లాగుతున్నా బాక్సు మాత్రం డ్రైవర్ నెమ్మదిగా పోతున్నాడనుకుని తక్కువ పీడనాన్నే ఇస్తుంది. గేర్లు తొందరగా, మెత్తగా మారుతుంటే బండి హాయిగా నడుస్తోందని డ్రైవర్ మురిసిపోతాడు. లోపల 3-4 క్లచ్ మాడిపోతుంటుంది. కార్బురేటర్ మార్చినప్పుడు కేబుల్‌ను అలాగే వేలాడదీసి "కాస్త నడిపి చూద్దాం" అనుకుంటే, ఆ కాస్త దూరమే బాక్సుకు చాలు.

టీవీ కేబుల్‌ను సరిచేయడం చాలా సులువు. ఇంజిన్ ఆపి, కేబుల్ పై చివరన ఉన్న బొత్తాన్ని నొక్కిపట్టి, స్లైడర్‌ను థ్రాటిల్ నుంచి దూరంగా, బ్రాకెట్ వైపు ఆగేదాకా వెనక్కు నెట్టి, బొత్తాన్ని వదలాలి. తరువాత థ్రాటిల్ లీవర్‌ను పూర్తిగా, ఆగేదాకా తెరవాలి. స్లైడర్ టకటకమంటూ ముందుకు జరిగి తన స్థానంలో నిలుస్తుంది. లోపల కూర్చుని పెడల్ తొక్కితే థ్రాటిల్ నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా అన్నది కూడా ఒకరి చేత తొక్కించి చూడాలి, ఎందుకంటే పెడల్ కింద చేరిన మందపాటి చాప ఒక్కటి చాలు ఆ సర్దుబాటును చెడగొట్టడానికి. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు కేబుల్ కూడా పూర్తిగా లాగబడి ఉండాలి, వదిలినప్పుడు అంటుకోకుండా వెనక్కు రావాలి. మరో కంపెనీ కార్బురేటర్ బిగించి ఉంటే కేబుల్ తగిలించే పిన్ను స్థానం, లీవర్ చుట్టూ అది తిరిగే కోణం మారిపోతాయి, అప్పుడు ఎంత సర్దినా లెక్క కుదరదు. దానికి తగిన బ్రాకెట్ విడిగా దొరుకుతుంది.

టీహెచ్350, టీహెచ్400, సీ4, సీ6ల వంటి బాక్సులలో పీడనాన్ని నిర్ణయించేది వాక్యూమ్ మాడ్యులేటర్. బాక్సు పక్కన చిన్న డబ్బాలా బిగించి, ఇంజిన్ మానిఫోల్డ్ నుంచి సన్నని గొట్టం తగిలించి ఉంటుంది. వాక్యూమ్ అందకపోతే బాక్సు ఇంజిన్ ఎప్పుడూ పూర్తి బలంతో ఉందనుకుని గేర్లను ఆలస్యంగా, గట్టి కుదుపుతో మారుస్తుంది. ఇది ప్లేట్లకు ప్రమాదం కాకపోయినా ప్రయాణికులకు నరకం. మాడ్యులేటర్ వైపు హోస్‌ను ఊడదీసి చూడాలి. హోస్‌లో ఎర్రని ఆయిల్ తడి కనిపిస్తే లోపలి డయాఫ్రమ్ చిరిగింది, ఇంజిన్ గేర్‌బాక్సు ఆయిల్‌ను పీల్చి కాలుస్తోంది. వెనుక తెల్లని పొగ, ఎక్కడా కారకుండానే తగ్గిపోయే ఆయిల్, రెండూ ఒకే బండిలో ఉంటే హెడ్ ప్యాకింగ్ అనుకోకముందు ఈ హోస్‌ను చూడాలి. తడి లేకపోతే, ఐడిల్‌లో హోస్ చివర 15 నుంచి 20 అంగుళాల పాదరస వాక్యూమ్ ఉందో లేదో గేజ్‌తో, మాడ్యులేటర్ వాక్యూమ్‌ను నిలుపుకుంటోందో లేదో చేతి పంపుతో చూడాలి. మార్చవలసి వస్తే అది ఒక బోల్టు, ఒక రబ్బరు రింగు పని.

ఎలక్ట్రానిక్ బాక్సులలో వైర్లు

1990ల నాటికి కేబుల్ పనినీ, బండి వేగాన్ని ఆయిల్ పీడనంగా తెలిపే గవర్నర్ పనినీ కంప్యూటరు, విద్యుత్తుతో ఆయిల్ దారిని తెరిచి మూసే సొలినాయిడ్లు తీసుకున్నాయి. ఈ బాక్సులు లోపాన్ని గమనించగానే ఒకే గేరులో, పూర్తి పీడనంతో నిలిచిపోయే అత్యవసర స్థితిలోకి వెళతాయి. క్రైస్లర్ ఏ604 రెండో గేరులో, 4ఎల్60ఈ మూడో గేరులో ఉండిపోతాయి. బండి మందకొడిగా కదిలి, రివర్స్ గట్టిగా పడుతూ, ఇంజిన్ ఆపి మళ్లీ వేస్తే కాసేపు బాగుంటే లోపం విద్యుత్ వైపు ఉండే అవకాశం ఎక్కువ. స్కానర్‌తో కోడ్‌లు చదవాలి. పాత టయోటాలలో స్కానర్ కూడా అక్కరలేదు, టీఈ1, ఈ1 టెర్మినళ్లను వైరుతో కలిపితే ఓవర్‌డ్రైవ్ (అన్నిటికంటే పై గేరు) ఆఫ్ దీపమే మిణుకుతూ కోడ్ చెబుతుంది.

లోపం వైర్లదా, లోపలి క్లచ్‌లదా అన్నది విడదీయడానికి టయోటా ఏ340ఈలో చక్కని మార్గం ఉంది. సొలినాయిడ్ కనెక్టర్‌ను ఊడదీసి నడిపితే లీవర్ ఎల్‌లో మొదటి గేరు, 2లో మూడో గేరు, డీలో ఓవర్‌డ్రైవ్ రావాలి. అవి సరిగా వస్తే బాక్సు లోపలి గేర్లు, క్లచ్‌లు బాగున్నట్టే, ఇక వెతకవలసింది సొలినాయిడ్లు, వైరింగ్, సెన్సార్లలో. ఆ షిఫ్ట్ సొలినాయిడ్ల నిరోధం 11 నుంచి 15 ఓమ్‌ల మధ్య ఉండాలి. ఇతర బాక్సులలో ఈ అంకె వేరుగా ఉంటుంది కనుక మాన్యువల్ చూడకుండా మల్టీమీటర్ చూపిన దానికి అర్థం చెప్పకూడదు. కొలత చల్లగా సరిగా ఉండి వేడెక్కాక మారుతుంటే సొలినాయిడ్ చుట్ట లోపల తెగబోతోంది.

సొలినాయిడ్లు మార్చే ముందు బ్యాటరీ, ఎర్త్ వైరు, థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ చూడడం మరవరాదు. థ్రాటిల్ సెన్సార్ ఒకచోట అరిగి సంకేతం తప్పితే అదే స్థానంలో గేరు పైకీ కిందికీ తచ్చాడుతుంది. పార్క్‌లో స్టార్ట్ కాకుండా న్యూట్రల్‌లో అయితే, లేదా రివర్స్ దీపం వెలగకపోతే, లీవర్ స్థానాన్ని చెప్పే ఇన్హిబిటర్ స్విచ్ జరిగింది; దాని బోల్టులు వదులు చేసి సరిదిద్దవచ్చు.

పీడనం కొలవడం

ఇంతవరకూ ఏమీ దొరకకపోతే ఆయిల్ పీడనాన్ని కొలవాలి. ప్రతి బాక్సుకూ పక్కన ఒక టెస్ట్ ప్లగ్ ఉంటుంది. దాన్ని తీసి, 300 పీఎస్‌ఐ వరకు చూపే గేజ్‌ను పొడవాటి హోస్‌తో బిగించి, గేజ్‌ను డ్రైవర్‌కు కనిపించేలా పెట్టాలి. ఖచ్చితమైన అంకె మోడల్‌ను బట్టి మారుతుంది. వేడెక్కిన చాలా బాక్సులలో డ్రైవ్‌లో, ఐడిల్‌లో సుమారు 50 నుంచి 80 పీఎస్‌ఐ కనిపిస్తుంది, రివర్స్‌లో అంతకంటే ఎక్కువ ఉంటుంది, థ్రాటిల్ తెరిచేకొద్దీ పెరగాలి. అన్ని స్థానాలలోనూ తక్కువగా ఉంటే ఫిల్టర్, పంపు, పీడన నియంత్రణ వాల్వు. ఒక్క స్థానంలోనే తక్కువైతే ఆ గేరు క్లచ్ సీలు లీకవుతోంది. థ్రాటిల్‌తో పాటు పెరగకపోతే మళ్లీ కేబుల్, మాడ్యులేటర్ దగ్గరకే వెళ్లాలి.

స్టాల్ టెస్ట్ గురించి ఒక మాట. బ్రేకులు గట్టిగా తొక్కి, డ్రైవ్‌లో పెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్ ఎంత వేగం వరకు వెళుతుందో చూడడమే ఈ పరీక్ష. ఎక్కువగా వెళితే క్లచ్ జారుతోంది. బాగా తక్కువైతే ఇంజిన్ బలం తగ్గింది, లేదా కన్వర్టర్ మధ్యలోని స్టేటర్ అనే రెక్కల చక్రాన్ని ఒకవైపే తిరగనిచ్చే వన్‌వే క్లచ్ పోయింది. ఐదు సెకన్లు మించకూడదు, మధ్యలో న్యూట్రల్‌లో ఉంచి చల్లారనివ్వాలి, బండి ముందూ వెనుకా ఎవరూ ఉండకూడదు. చాలా మాన్యువల్‌లు చెప్పే పరీక్షే అయినా, వయసు మళ్లిన బాక్సుపై దీన్ని చివరి మార్గంగా మాత్రమే వాడడం మంచిది. గేజ్ చెప్పగలిగినదాని కోసం అరిగిన ప్లేట్లను హింసించడం ఎందుకు?

పాన్ విప్పితే కనిపించేవి

పాన్‌ను విప్పే ముందు బండిని జాకీపై కాక స్టాండ్లపై నిలపాలి. డ్రెయిన్ ప్లగ్ లేని పాన్ అయితే ఒక వైపు బోల్టులను వదులుగా ఉంచి, మిగిలినవి తీసి, పాన్‌ను ఆ వైపుకు వంచి ఆయిల్‌ను దించాలి. వేడి ఆయిల్ చేతులు కాలుస్తుంది. ఇలా దిగేది మొత్తంలో సగం కంటే తక్కువే, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది.

అయస్కాంతం మీద మెత్తని బూడిదరంగు ముద్ద ఉండడం సహజం, దాన్ని చూసి కంగారుపడనక్కరలేదు. నల్లని రేకులు క్లచ్ పూత. ఇత్తడి రంగు మెరుపులు బుష్‌లు, థ్రస్ట్ వాషర్ల అరుగుదల. ఉక్కు ముక్కలు, సూదుల్లాంటివి కనిపిస్తే బేరింగు విరిగింది, ఇక ఆయిల్ మార్చి మూసేయడం కాలయాపనే. ఫోర్డ్ ఏఓడీ వంటి కొన్ని బాక్సుల పాన్‌లో ఒక ప్లాస్టిక్ మూత దొరకవచ్చు. డిప్‌స్టిక్ గొట్టం రంధ్రానికి ఫ్యాక్టరీలో బిగించిన ఆ మూతను గొట్టం అమర్చేటప్పుడు లోపలికి నెట్టేస్తారు. అది ఇంకా పాన్‌లోనే ఉందంటే ఆ పాన్‌ను ఇంతవరకూ ఎవరూ విప్పలేదని అర్థం.

ఫిల్టర్ తీసినప్పుడు దాని మెడ దగ్గరి సీలు బాక్సులోనే ఉండిపోయిందేమో చూడాలి. పాతది ఉండగా కొత్తది తోస్తే, లేదా కొత్తది నలిగితే, పంపు గాలి పీల్చి ఊళ పెడుతుంది. బ్యాండు సర్దుబాటు స్క్రూ బయటకు ఉన్న బాక్సులలో ఇదే సమయంలో దాన్నీ చూసుకోవచ్చు. లాక్‌నట్ వదులు చేసి, స్క్రూను చెప్పిన టార్క్‌కు బిగించి, చెప్పినన్ని చుట్లు వెనక్కు తిప్పి, స్క్రూ కదలకుండా పట్టి నట్టు బిగించాలి. సీ6 ఇంటర్మీడియట్ బ్యాండుకు 10 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 13.5 న్యూటన్ మీటర్లు, తరువాత ఒకటిన్నర చుట్లు. సీ4కు అంతే టార్క్, ఒకటీ ముప్పావు చుట్లు. పాన్ బోల్టులను అడ్డదిడ్డంగా కాక ఎదురెదురుగా, తేలికగా బిగించాలి. అతిగా బిగిస్తే పాన్ అంచు వంగి ప్యాకింగ్ పిండినట్టై, బిగించిన చోటే కారుతుంది.

ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని బాక్సుకు ఇప్పుడు మార్చవచ్చా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఆయిల్ నల్లబడినా మాడు వాసన లేకుండా, గేర్లు జారకుండా ఉంటే పాన్‌లోది మాత్రమే దించి మార్చి, కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మరోసారి మార్చడం సబబు. యంత్రం పెట్టి ఒత్తిడితో కడిగించడం వద్దు. ఇప్పటికే జారుతున్న బాక్సులో కొత్త ఆయిల్ పోసిన మరునాడే గేరు పడడం మానేస్తే, ఆయిల్ దాన్ని చంపిందని అనుకుంటారు. పాత ఆయిల్‌లో తేలుతున్న పూత రజనే అప్పటివరకు ఆ అరిగిన ప్లేట్లకు కాస్త పట్టు ఇచ్చింది, అంతే.

లాకప్ లోపాలు

గంటకు 60-70 కిలోమీటర్ల వేగంలో, తేలికపాటి థ్రాటిల్‌తో, గతుకుల మీద వెళ్తున్నట్టు బండి వణికితే ఎడమకాలితో బ్రేకు పెడల్‌ను దీపం వెలిగేంత మాత్రం తాకాలి. కన్వర్టర్ లాకప్ (కన్వర్టర్ జారకుండా దాన్ని ఇంజిన్‌తో నేరుగా బిగించే క్లచ్) విడిపోయి వణుకు ఆగితే లోపం లాకప్ క్లచ్‌లోనో ఆయిల్‌లోనో ఉంది. ఆగకపోతే ఇంజిన్ మిస్‌ఫైర్‌ను వెతకాలి. సిగ్నల్ దగ్గర ఆగబోతుండగా ఇంజిన్ ఆగిపోతుంటే లాకప్ సొలినాయిడ్ అంటుకుపోయింది. దాని కనెక్టర్ ఊడదీసి నడిపితే రూఢి అవుతుంది.

దింపక తప్పనప్పుడు

వాల్వ్ బాడీ వరకైతే బాక్సును దింపకుండానే చేయవచ్చు. దాన్ని దించేటప్పుడు కింద శుభ్రమైన ట్రే ఉంచాలి, ఎందుకంటే లోపలి చెక్ బాల్స్ అనే చిన్న గుళ్లు చేతిలో కాక నేల మీద పడితే ఏది ఏ గదిదో ఎవరూ చెప్పలేరు. ప్రతి అడుగులో ఫోటో తీసుకోవాలి. కడిగిన వాల్వు దాని గూటిలో సొంత బరువుతో జారాలి. ఎమరీ కాగితంతో రుద్దితే అంచులు గుండ్రబడి శాశ్వతంగా లీకవుతుంది. వాల్వ్ బాడీ బయట ఉన్నప్పుడు 30-40 పీఎస్‌ఐ గాలిని ఒక్కో క్లచ్ రంధ్రంలోకి వదిలితే, మంచి పిస్టన్ "ధబ్" మని కదులుతుంది, చెడిన సీలు బుస్సుమంటుంది.

పూర్తి మరమ్మతులో కొత్త ప్లేట్లను కనీసం అరగంట ఆయిల్‌లో నానబెట్టాలి, రబ్బరు, టెఫ్లాన్ సీళ్లన్నీ మార్చాలి, పంపు గేర్ల అరుగుదలను, క్లచ్ ఖాళీని ఫీలర్ గేజ్‌తో కొలవాలి. మాన్యువల్ అంకె దొరకనప్పుడు ఒక్కో ఫ్రిక్షన్ ప్లేటుకు 0.25 మిల్లీమీటర్ల ఖాళీ చాలామంది పాటించే లెక్క. వన్‌వే క్లచ్ తిరిగే దిశను రెండుసార్లు సరిచూడాలి. లోపల కాలిన బాక్సుకు పాత కన్వర్టర్‌నే తిరిగి వాడడం, కూలర్ పైపులను కడగకపోవడం చేటు తెస్తాయి. ఆ చెత్త మొదటి కిలోమీటరులోనే కొత్త వాల్వుల్లోకి చేరుతుంది.

తిరిగి ఎక్కించేటప్పుడు కన్వర్టర్‌ను తిప్పుతూ లోపలికి నెట్టాలి. షాఫ్టుల పళ్లలో, పంపు గాడిలో కుదురుకుంటూ రెండు మూడుసార్లు లోపలికి దిగుతుంది. బాక్సు ఇంజిన్‌కు చేతితో పూర్తిగా ఆనిన తరువాత కన్వర్టర్‌కూ ఫ్లెక్స్ ప్లేటుకూ మధ్య మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల సందు మిగలాలి, కన్వర్టర్ చేతికి స్వేచ్ఛగా తిరగాలి. సందు లేకపోతే బాక్సును బోల్టులతో ఇంజిన్ వైపు లాగి బిగించకూడదు. స్టార్ట్ చేసిన క్షణంలోనే పంపు పగులుతుంది.

నాలుగైదు లీటర్లు పోసి ఇంజిన్ స్టార్ట్ చేసి, వెంటనే మిగతాది పోస్తూ మట్టానికి తేవాలి. కూలర్ నుంచి తిరిగి వచ్చే పైపును ఒక డబ్బాలో ఉంచి ఐడిల్‌లో 20 సెకన్లలో దాదాపు లీటరు వస్తోందో లేదో చూడాలి. రాకపోతే కూలర్ మూసుకుపోయింది, బండిని రోడ్డెక్కించవద్దు. మొదటి ప్రయాణంలో తేలిక థ్రాటిల్‌తో అన్ని గేర్లనూ రానిచ్చి, వెనక్కు వచ్చి వేడి మీద మట్టం మళ్లీ చూడాలి. బండి మధ్యలో ఆగిపోతే, బండిని నడిపే చక్రాలు నేల మీద ఉండగా లాగించకూడదు. ఇంజిన్ తిరగనప్పుడు పంపు కూడా తిరగదు, బుష్‌లు ఎండిపోయి పట్టుకుపోతాయి. చక్రాలు పైకెత్తి తీసుకెళ్లే బండినే పిలిపించాలి.